ఎరుకున్నోళ్ళకు చెప్తే ఏం పోతది?

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అవ్వకు, అంటే అమ్మకు, చివరిదాకా సరిగ్గా చెప్పలేకపోయాను. సెలవులకు బెల్లంపల్లి పోయినప్పుడల్లా, చాటలో బియ్యం ఏరుకుంటూ అడిగేది.

"ఏం పని జేస్తవ్ బిడ్డా నువ్వు?"

"రుజువులు జూస్త అవ్వా."

"కోర్టులనా?"

"కాదు, కంప్యూటర్లల్ల."

"కంప్యూటర్లకు గూడ కోర్టులున్నయా?"

ఆలోచిస్తే ఉన్నాయనే చెప్పాలి. ఒక మనిషి దగ్గర ఒక రహస్యం ఉంటుంది. ఆ రహస్యం తన దగ్గర ఉందని అవతలివాడిని నమ్మించాలి, కాని రహస్యం మాత్రం చెప్పకూడదు. అలా నమ్మించే పద్ధతులను కొందరు తయారుచేస్తారు. అవి నిజంగా రహస్యాన్ని కాపాడుతున్నాయా, ఎక్కడైనా కారిపోతున్నాయా అని చూడటం నా పని. పుస్తకాల్లో వీటిని జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌లు అంటారు. నేను 'ఎరుక పంచని రుజువు' అనేదాన్ని. మా దిక్కు తెలియడాన్ని ఎరుక అంటాం. తెలియకపోతే ఎరుకలే అని చేతులు దులిపేసుకుంటాం. అవతలివాడు పూర్తిగా నమ్మి, లేచి వెళ్ళేటప్పుడు కూడా 'నాకెరుకలే' అనగలగాలి. అదే మంచి రుజువు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను గణితం గురించి అడుగుతారు. గణితం పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. పుస్తకాల్లో దొరకని కొన్ని సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక వాటితో ఏం చేసుకోవాలో నాకు తోచలేదు.

పగటి నిద్ర

మా బాపు, అంటే నాన్న, బొగ్గుగనిలో పనిచేసేవాడు. గనిని మా దిక్కు బాయి అంటారు. బాయిలో పని మూడు షిఫ్టులు కాబట్టి మా క్వార్టర్ల లైన్లో పగలు ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి బాపు నిద్రపోతూనే ఉండేవాడు. పిల్లలం గుసగుసలతో ఆడుకునేవాళ్ళం. దాగుడుమూతల్లో దొరికిపోయినవాడు కూడా మెల్లగానే ఏడ్చేవాడు. బొగ్గు పొయ్యిల పొగ లైన్ల మీద పల్చగా పరుచుకుని, మధ్యాహ్నం కూడా తెల్లవారుజాములా ఉండేది. నాకు ఆ ఊరు ఇప్పటికీ అట్లాగే గుర్తుంది, సగం మేలుకుని సగం పడుకుని.

బాపు నిద్రలో మాట్లాడేవాడు. "పైన జూడు, పైన జూడు" అనేవాడు. "జరుగవేందిరా" అని కసిరేవాడు. కాసేపు ఆగి, ఎవరో ఏదో జవాబు చెప్పినట్టు, "ఆఁ, గట్లనే" అనేవాడు. నేను గుమ్మంలో కూర్చుని వినేదాన్ని. కళ్ళు మూసుకుని మాటలు మాత్రమే వింటే, ఆయన నిజంగా బాయిలో ఉన్నాడో ఇంట్లో మంచం మీద ఉన్నాడో చెప్పలేం. రెండు చోట్లా అవే మాటలు. ఆ తేడా పట్టుకోవడానికి నేను చాలా మధ్యాహ్నాలు ప్రయత్నించాను, దొరకలేదు. ఆ దొరకకపోవడమే తరువాత నాకు అన్నం పెట్టింది.

మూర్తి గారి కునుకు

హైదరాబాదులో నేను మొదట చేరిన పరిశోధన సంస్థలో మా పెద్దాయన మూర్తి గారు. గోదావరి జిల్లాల మనిషి. భోజనం కాగానే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవారు. మేం మా రుజువులను పైకి చదవాలి. తప్పు ఉన్న చోటికి రాగానే ఒక కన్ను తెరిచేవారు. తప్పు లేకపోతే గురక వచ్చేది. గురక వినడం కోసం మేం ఎంత కష్టపడేవాళ్ళమో చెప్పలేను.

ఎరుక పంచకపోవడం అంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే.

"అమ్మాయ్, నువ్వు నాతో గంటసేపు మాట్లాడి ఇంటికెళ్ళావనుకో. ఆ మాటలన్నీ నా దగ్గరికి రాకుండానే, నీ ఇంట్లో పడుకుని, నువ్వే కలగనగలిగేదానివనుకో. అప్పుడు నేను నీకేమైనా చెప్పినట్టా?"

"లేదండీ."

"అంతే. రహస్యం తెలియనివాడు కూడా కనగలిగే కలలాగా ఉండాలి మన సంభాషణ. ఏది కలో ఏది నిజమో పక్కవాడు పోల్చుకోలేకపోవాలి."

నాకు మా బాపు మంచం గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఈ పని నాది అనుకున్నాను.

కలగనేవాడికి నిజంలో లేని వెసులుబాటు ఒకటుంది. వెనక్కి వెళ్ళొచ్చు. అవతలివాడు ఏ ప్రశ్న వేస్తాడో విని, మళ్ళీ ఆ ప్రశ్న వేయకముందున్న చోటికి పోయి, దానికి సరిపోయేటట్టు మొదటి మాట మార్చి, అక్కడి నుంచి మళ్ళీ నడవొచ్చు. మేం రాసే రుజువుల్లో సగం ఇట్లా వెనక్కి వెళ్ళిరావడమే. ఒక మధ్యాహ్నం నేను అడిగాను.

"ఒకేసారి చాలామంది వచ్చి అడిగితేనోనండీ? ఒకరి సంభాషణ సగంలో ఆపి ఇంకొకరు, వాళ్ళది సగంలో ఆపి మరొకరు?"

ఆయన రెండు కళ్ళూ తెరిచారు. ఒకరి కోసం వెనక్కి వెళితే, ఆ మధ్యలో ఇంకొకరితో ఆడిన మాటలన్నీ చెరిగిపోతాయి. వాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాలి. వాళ్ళ కోసం వెనక్కి వెళితే వాళ్ళ లోపల ఉన్నవాళ్ళు చెరిగిపోతారు. కల లోపల కల, దాని లోపల ఇంకోటి. ప్రతి మెట్టులోనూ పని రెట్టింపవుతుంది. మూర్తి గారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"అంతలో తెల్లారిపోతుందమ్మా," అన్నారు.

ఆయన పాత వ్యాసం ఒకదానిలో, ఈ పద్ధతి ఎంతమందితోనైనా నడుస్తుంది అని ఒక వాక్యం ఉండేది. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఆయన పత్రికకు రాశారు. సంస్థలో పెద్దలకు నచ్చలేదు, పరువు పోతుందన్నారు. "తప్పు రాసిన రోజే పోయింది. కబురు ఇప్పుడు తెలిసింది, అంతే," అన్నారాయన. అలాంటి పెద్దాయన నాకు మళ్ళీ దొరకలేదు. తరువాతి బాసుల్లో ఒకరిద్దరు మంచివాళ్ళే గాని, ఎవరూ కునుకు తీసేవాళ్ళు కారు. ఎప్పుడూ కళ్ళు తెరిచే ఉంచేవాళ్ళను నేను పూర్తిగా నమ్మను.

నర్సక్క పాలు

ఈ 'చాలామంది ఒకేసారి' అనే చిక్కును నేను చదువుకోక ముందే చూశాను. చూసినట్టు మాత్రం చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

మా లైన్ చివర కార్నర్ క్వార్టర్ ఒకటి ఖాళీ కాబోతున్నది. రెండు దిక్కులా జాగా, ఎండాకాలం చల్లగా ఉంటుంది, అందరి కళ్ళూ దాని మీదే. అది ఎవరికి రాబోతున్నదో ఆ లైన్లలో ఇద్దరికే తెలుసు, మా అవ్వకు, వెనక లైన్లో ఉండే మా చిన్నమ్మకు. ముందే తెలిసినవాళ్ళతో తప్ప ఇంకెవరితోనూ ఈ ముచ్చట ఎత్తబోమని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. అప్పుడు మా గడప తొక్కింది నర్సక్క. ఊరి ముచ్చట్లు తెలియకపోతే ఆమెకు అన్నం సహించదు.

"గా కార్నర్ ఇల్లు సంగతి నాకెరుకైంది వదినా," అన్నది.

మా అవ్వ తెలివైనదే. "ఎరుకైతే చెప్పు. ఆ ఇంట్లకు వచ్చేటోళ్ళు ఇప్పుడు యాడుంటున్నరు?" అన్నది.

"అయ్యో, పొయ్యి మీద పాలున్నయి. దించి ఇప్పుడే వస్త," అని నర్సక్క లేచి, ఇంటికి పోకుండా, సందు తిరిగి చిన్నమ్మ దగ్గరికి పోయింది.

"నాకైతే అంత ఎరుకే. నీకు ఎరుకనో లేదో చూద్దాం. వచ్చేటోళ్ళు ఇప్పుడు యాడుంటున్నరు జెప్పు?"

చిన్నమ్మకు పంతం ఎక్కువ. "నాకెందుకెరుకలే? మందమర్రి దిక్కు," అన్నది.

నర్సక్క మళ్ళీ మా ఇంటికొచ్చింది. "పాలు దించిన వదినా. మందమర్రి దిక్కు గాదా?" అన్నది. మా అవ్వ హమ్మయ్య అనుకుని, పీట జరిపి, పేరుతో సహా మొత్తం చెప్పేసింది. పొద్దుగూకేసరికి లైనంతా ఎరుకే. కార్నర్ ఇల్లు రాబోయేవాళ్ళు వచ్చి మా గుమ్మం ముందు నిలబడి అవ్వను నానా మాటలు అన్నారు. ఆ రోజు నర్సక్క ఇంట్లో అసలు పాలే లేవని తరువాత తెలిసింది.

"ఎరుకున్నోళ్ళకు చెప్తే ఏం పోతదనుకున్న," అని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

విడివిడిగా చూస్తే అవ్వ ఒట్టు తప్పలేదు, చిన్నమ్మా తప్పలేదు. అవ్వ వేసిన ప్రశ్నకు చిన్నమ్మ జవాబు చెప్పింది. చిన్నమ్మ జవాబును అవ్వ నమ్మింది. మధ్యలో తిరిగిన నర్సక్కకు మొదట తెలిసింది ఏమీ లేదు, కాళ్ళు మాత్రం చురుకు. ఇంతకంటే బాగా ఈ విషయం చెప్పే పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

నీళ్ళు చూసే ఉద్యోగం

హైదరాబాదు గోల పడలేక, చివరి ఏళ్ళలో కరీంనగర్ వచ్చి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. నా కుర్చీలోంచి దూరంగా మానేరు డ్యాము నీళ్ళు కనపడేవి. చలికాలం పొద్దున మంచులో నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నేను గంటల తరబడి అటే చూస్తూ కూర్చునేదాన్ని. మా పనిలో ఎక్కువ భాగం ఇదే. చేతులు కదలవు, తెర మీద ఏమీ ఉండదు. చూసేవాళ్ళకు జీతం దండగ అనిపిస్తుంది. అలా అనిపించినా పట్టించుకోకండి. తల లోపల నాలుగైదు సంభాషణలను ఒకదాని మధ్య ఒకటి పెట్టి, ఎక్కడ ఆగితే ఏది విరుగుతుందో చూడాలంటే, బయట ఏదో ఒకటి కదలకుండా ఉండాలి.

ఆ ఆఫీసు యజమాని నరేందర్, హుజూరాబాద్ మనిషి. మాట తొందర, చేయి తొందర, మనసు మంచిది. "మేడం నీళ్ళు జూస్తున్నదంటే ఎవరికో మూడింది," అని అందరి ముందూ ఆటపట్టించేవాడు.

మానేరు వెంట కొంత దూరం పోతే మరమగ్గాల ఊరు ఒకటుంది. మగవాళ్ళు ఆ మగ్గాలను, అంటే సాంచాలను, నడుపుతారు, ఆడవాళ్ళు నూలు కండెలు చుడతారు. అక్కడ ఆడవాళ్ళ కోసం చిన్న కేంద్రం నడిపే రాజమణి, మగ్గాల షెడ్లలో తమను ఇబ్బంది పెట్టేవాళ్ళ మీద పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు కావాలని నరేందర్‌ను అడిగింది. షెడ్ల యజమానుల సంఘం ఒక షరతు పెట్టింది. "ఫిర్యాదు పెట్టింది మా షెడ్ల మనిషేనని మాకు నమ్మకం కుదరాలె. బయటోళ్ళు రాస్తే మేమెందుకు వినాలె?" అన్నారు. అది న్యాయమే. కాబట్టి ఆ మనిషి ఫోను, సంఘం కంప్యూటర్‌కు, 'నేను మీ షెడ్ల మనిషినే' అని రుజువు చూపాలి, ఎవరో మాత్రం చెప్పకూడదు. ఎరుక పంచని రుజువుకు ఇంతకంటే మంచి పని నాకు తట్టదు.

పేరు తెలిసే హక్కు ఒక్కరికే ఉంది, విచారణ కమిటీకి పెద్దగా ఉన్న లాయరమ్మకు. ఫిర్యాదు పెట్టిన మనిషికీ లాయరమ్మకూ మధ్య ఒక రహస్య మాట ఉంటుంది. ఎవరైనా ఆ మనిషి ఫోనుతో మాట్లాడటానికి వస్తే, ఆ మాట తెలిస్తే తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి ఫోను వేస్తుంది. సరైన జవాబు వస్తే, వచ్చింది లాయరమ్మే అనుకుని పేరూ వివరాలూ తెరిచి చూపిస్తుంది. అలాగే, తాను మాట్లాడుతున్నది ఆ మనిషితోనే అని తేల్చుకోవడానికి లాయరమ్మ కూడా అలాంటి ప్రశ్న వేయొచ్చు; అడిగింది ఎవరో చూడకుండానే ఫోను జవాబు చెబుతుంది. నన్ను ఇది చూడమన్నది అంతా నడవడం మొదలైన తరువాత. ఇల్లు కట్టి వాస్తు అడగటం మన దగ్గర అలవాటే.

మరమగ్గాల ఊరి నుంచి ఫోన్

ఒక ఫిర్యాదు వచ్చింది. షెడ్డు చూసుకునే సూపర్‌వైజర్ మీద, కండెలు చుట్టే మనిషి పెట్టింది. సోమవారం విచారణ. ఆ రోజు ఆమె ఫోను ఇంకోసారి సంఘానికి రుజువు చూపాలి, చూపకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు. నేను అప్పుడే ఈ ఏర్పాటు వివరాలు రాసిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నం రాజమణి ఫోన్ చేసింది.

"మేడం, ఆమె ఫోన్ వింతగ జేస్తున్నదట."

"ఏం జేస్తున్నది?"

"నువ్వు మా మనిషివేనా అని సంఘపోళ్ళ కంప్యూటర్ అడుగుతది గదా. గదొకటి నడుస్తుండంగనే ఇంకోటి వచ్చిందట. మొదటిది ఆగి గిర్ర గిర్ర తిరుగుతున్నదట. భయమై ఫోనే బంద్ జేసింది."

నేను కాగితాలు పక్కకు తోసి, కంప్యూటర్ ముందుకు జరిగాను.

"ఆమె పేరు బయటికి పోయిందా మేడం? పోతే ఆ ఊర్ల ఆమెకు ఏ షెడ్డుల పని దొరకది. ఇంటాయనది గూడ..."

"అదీ చెప్పకు రాజమణీ. నాకు అవసరం లేదు."

"సరే మేడం. ఆమె ఒక్కటే అడుగుమన్నది. ఫోన్ మళ్ళ పెట్టాల్నా, వద్దా? పెడితే పేరు పోతదని భయం, పెట్టకుంటే ఫిర్యాదు పోతదని భయం."

"నేను చెప్పేదాక పెట్టొద్దను," అన్నాను.

సంభాషణలన్నీ మా కంప్యూటర్ మీదుగానే పోతాయి. లోపలి రహస్యం మాకు కనపడదు, ప్రశ్నలు కనపడతాయి. మొదటి సంభాషణలో ఆమె ఫోను అవతలివాళ్ళను ఒక ప్రశ్న అడిగింది. అవతలివాళ్ళు జవాబు చెప్పకుండా ఆపారు. రెండో సంభాషణ తెరిచి, ఆమె ఫోను వేసిన ప్రశ్ననే, ఒక్క అక్షరం తేడా లేకుండా, తిరిగి ఆమె ఫోనునే అడిగారు. ఈ ప్రశ్నలు పొడుగాటి అంకెలు, యాదృచ్ఛికంగా కలవవు. సంఘం కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరో పాలు దించడానికి పోయి వచ్చారు.

ఆమె భయపడి ఫోను ఆపింది జవాబు పోకముందే. పేరు పోలేదు. అది చూసి బల్ల మీద తల పెట్టుకున్నాను. ఆమె భయమే ఆమెను కాపాడింది. మా తెలివి కాపాడలేదు.

నరేందర్ పేరు

నరేందర్ నమ్మలేదు.

"ప్రతి సంభాషణ నేనే పరీక్షించిన మేడం. ఒక్క అక్షరం బయటికి పోదు."

"ఒక్కొక్కటి పరీక్షిస్తే పోదు."

"మరి?"

"మీ ఫోన్ల మీ పేరు మీదనే ఒక ఫిర్యాదు పెట్టుండ్రి."

నవ్వుకుంటూ పెట్టాడు. 'మేడం నీళ్ళు చూసుకుంట నన్ను పరేషాన్ చేస్తున్నది' అని రాశాడు. నేను సంఘం కంప్యూటర్ వేషం వేసుకుని కూర్చున్నాను. మొదటి సంభాషణ తెరిచాను, అతని ఫోను నన్ను ప్రశ్న అడిగింది. దాన్ని ఆపి రెండోది తెరిచాను. అదే ప్రశ్న అతని ఫోనును అడిగాను. ఫోను బుద్ధిగా జవాబు చెప్పింది. ఆ జవాబు తీసుకెళ్ళి మొదటి సంభాషణలో పెట్టాను. నా తెర మీద అతని పేరు, వాళ్ళ బాపు పేరు, ఫోన్ నంబరు, నా మీద రాసిన ఫిర్యాదు, అన్నీ వచ్చాయి.

అతను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఎండకు డ్యాము నీళ్ళు తెల్లగా, కదలకుండా ఉన్నాయి. మేమిద్దరం ఎవరి కలలోనో ఉన్నట్టు అనిపించింది నాకు.

"నేను చెప్పలే గదా మేడం," అన్నాడు.

"మీరు చెప్పలే. మీ ఫోన్ అడిగిన దానికి మీ ఫోనే జవాబిచ్చింది."

"ఎరుకున్నోళ్ళకు చెప్తే ఏం పోతదనుకున్న."

ఆ మాట అతని నోట వినగానే కోపం సగం పోయింది. ఇది చెడ్డవాళ్ళు చేసే తప్పు కాదు. మన దగ్గర మర్యాదగల మనుషులందరూ చేసే తప్పు. తెలిసినవాళ్ళ ముందు దాచడం మనకు పొగరులా అనిపిస్తుంది. అందుకే ఎదుటివాళ్ళకు తెలుసు అన్న నమ్మకం కలిగితే చాలు, మన నోటికి తాళం ఉండదు.

మిగిలిన సగం కోపం వెంటనే తిరిగి వచ్చింది.

"సోమవారం లోపల సప్పుడుగాక మార్చేద్దాం మేడం. సంఘపోళ్ళకు తెలిస్తే మొత్తానికే బంద్ జేస్తరు," అన్నాడు.

"అక్కడ ఒక మనిషి ఫోన్ చేతుల పట్టుకోని కూసున్నది సార్. పెట్టాల్నా వద్దా అని అడుగుతున్నది. ఆమెకు తెల్వకుండ ఆమె పేరుతోని మనం జూదమాడుదామా?"

జీవితంలో నేను గొంతు పెంచిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. నరేందర్ మొఖం ఎర్రబడింది. కారు తాళాలు తీసుకుని, అన్నం తినకుండానే లాయరమ్మ దగ్గరికి పోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు యంత్రానిదే గాని ఫిర్యాదుది కాదని రాసి, లాయరమ్మ విచారణను వాయిదా వేసింది, ఫిర్యాదు కొట్టివేయకుండా. నరేందర్ తొందర మనిషి అన్నాను గాని, ఆ రోజు ఆ తొందరే పనికొచ్చింది. వేరే బాసులైతే ఇంకో నాలుగు మీటింగులు పెట్టేవాళ్ళు.

తాళం కప్ప

మార్చినవి రెండు. మొదటిది సులువు. తెలిసినవాళ్ళకు చెప్పే ఆ వెసులుబాటునే తీసేశాం. పేరు కావాలంటే లాయరమ్మ ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి, ఫోను ఎవరికీ చెప్పదు.

రెండోది నా పని. దానికి పబ్లిక్ కీ అనేది వాడాను, అది తాళం కప్ప లాంటిది. కప్ప అందరికీ కనపడేలా తగిలిస్తాం, దాని చెవి మాత్రం మన మొలలో ఉంటుంది. అడగదలచుకున్న ప్రతివాళ్ళూ ముందే తమ కప్పను, తమ పేరుతో, అందరూ చూసే చోట తగిలించాలి. ప్రశ్న వేసే ముందు దాని చెవి తమ దగ్గర ఉందని చూపాలి. ఆ సంభాషణలో పుట్టిన జవాబు ఆ కప్పకే, ఆ సంభాషణకే సరిపోతుంది. పక్కదానిలోకి మోసుకెళ్తే పనికిరాదు.

దీనివల్ల కలగనేవాడి కష్టం కూడా తీరింది. అడిగేవాళ్ళు తమ చెవి చూపించే చోట వాడు వెనక్కి వెళ్ళి, ఒక్కసారి ఆ చెవిని చేజిక్కించుకుంటే చాలు, ఆ కప్పకు సరిపోయే జవాబులన్నీ తనే తయారుచేసుకోగలడు. తరువాత ఆ తాళం మీద ఎన్ని సంభాషణలు ఎలా అల్లుకున్నా, మళ్ళీ మళ్ళీ వెనక్కి పోనక్కర్లేదు. కప్పలు కొన్నే, సంభాషణలు ఎన్నైనా. తెల్లారకముందే కల పూర్తవుతుంది. రుజువు ముగించిన రోజు మూర్తి గారికి చదివి వినిపించాలనిపించింది. అప్పటికి ఆయన లేరు. గురక వినపడని గదిలో కూర్చుని ఏడ్చాను.

సంఘంవాళ్ళు కప్ప తగిలించడానికి మొదట గునిశారు. తమ పేరు ఎందుకు బయటపెట్టాలన్నారు. "పేరు చెప్పనోళ్ళను అడగాలంటే అడిగేటోళ్ళ పేరన్నా ఎరుక ఉండాలె గదా," అన్నది లాయరమ్మ. ఆ కంప్యూటర్ దగ్గర కూర్చునే మనిషిని సంఘమే మార్చింది. ఎందుకో మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

వాయిదా రోజున రాజమణికి నేనే ఫోన్ చేసి, "ఇప్పుడు పెట్టమను," అన్నాను. ఈ ఉద్యోగంలో నేను చెప్పిన అతి బరువైన మాట అదే. నా రుజువులో ఎక్కడైనా ఒక అతుకు ఊడితే, మూల్యం చెల్లించేది నేను కాదు. ఆ పూటంతా నీళ్ళ వైపు కూడా చూడలేదు. పొద్దు వాలుతుండగా రాజమణి మాట వచ్చింది.

"అయిపోయింది మేడం. వాన్ని తీసేసిండ్రు. ఆమె రేపు పనికి పోతున్నది."

మీకు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఎవరైనా వచ్చి, ఇది రుజువైంది, భద్రం అంటే, ఒంటరిగానా, గుంపులోనా అని అడగండి. ఒక మనిషి ఒక తలుపు దగ్గర నిలబడితే భద్రమైనది, అదే మనిషి రెండు తలుపుల మధ్య తిరుగుతుంటే ఏమవుతుందో అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే, ఎంత పెద్దవాళ్ళైనా సరే, సంతకం పెట్టకండి.

అన్నం బంతి

ఉద్యోగం మానేశాక, రాజమణి ఒక రోజు వాళ్ళ కేంద్రంలో భోజనానికి రమ్మన్నది. పొద్దటి షిఫ్టు దిగిన ఆడవాళ్ళు చాపల మీద బంతికి కూర్చున్నారు. గోడ అవతల సాంచాల చప్పుడు ఎడతెగకుండా వస్తున్నది. కాసేపటికి అది చప్పుడులా కాక నిద్రలా ఒంటికి పట్టింది. వాళ్ళ జుట్టులో దూదిపింజలు చిక్కుకుని, కిటికీ వెలుగులో అందరూ కొంచెం ముందే ముసలివాళ్ళయినట్టు, కొంచెం మంచులో ఉన్నట్టు కనపడ్డారు. మోదుగాకు విస్తర్లు వేశారు. నేను ఒక్కొక్కరి మొఖమే చూస్తున్నాను. ఈమేనా? గట్టిగా నవ్వుతున్నదే, ఆమేనా? మాట్లాడకుండా గోడకు ఆనుకున్నదే, ఆమేనా?

రాజమణి నా పక్కన కూర్చుని చెవిలో అన్నది.

"ఆమె ఈడనే ఉన్నది మేడం. మీకొక్కరికే చెప్పుమన్నది. చూపియ్యాల్నా?"

చూడాలని ఉంది. ఎంత ఉందో అబద్ధమాడను. ఆ శుక్రవారం నుంచి నేను మోసిన మనిషి ఆమె. మొఖం లేకుండా, గొంతు లేకుండా, ఒక ప్రశ్న మాత్రమే అయి నాతో ఉన్నది. ఒక్కసారి చూసి, చేయి పట్టుకుని, బాగున్నవా అని అడిగితే చాలనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీకు ఎరుకైతే ఏం పోతది మేడం? మీరు మనోళ్ళే గదా."

"వద్దు రాజమణీ," అన్నాను. "నాకు ఎరుకైతే, రేపు ఎవలన్న అడిగినప్పుడు నోరు మూసుకుంట గాని మొఖం మూసుకోలేను."

రాజమణి తల ఊపి, తన విస్తరి వైపు తిరిగింది. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. ఎదుట గాజులు గల్లుమన్నాయి. ఎవరో వంగి నా విస్తట్లో ఇంకో గంటెడు పప్పు వేశారు. ఆ చేతి వేళ్ళ మీద దారం కోసిన సన్నటి గీతలు ఉన్నాయి, అక్కడి అందరి వేళ్ళ మీదా ఉన్నట్టే.

"ఇంక జరంత తినుండ్రి మేడం," అన్నదొక గొంతు. ఆ చేయి వెంటనే కదలలేదు. కాసేపు నా విస్తరి పక్కనే ఆగింది.

నేను తలెత్తలేదు.